ఆపరేషన్ తేదీ ఇచ్చాక

చిరంజీవి అమ్మలూకి,

అత్తయ్య ఆశీస్సులు. బాబు బయాప్సీ రిపోర్టు వచ్చిందనీ, హిర్ష్‌స్ప్రంగ్ జబ్బేనని తేల్చి ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చారనీ మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. నువ్వు ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేవంది. అందుకే ఫోన్ చెయ్యకుండా రాస్తున్నాను. ఉత్తరమైతే ఏడుపొచ్చిన చోట ఆపేసి, తేరుకున్నాక మళ్లీ చదువుకోవచ్చు. ఇదే జబ్బుతో మా వాణ్ణి మూడుసార్లు ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా ఎత్తుకెళ్లిన చేతులివి. కాబట్టి నా మాట నమ్ము.

నువ్వు తిన్నదాని వల్లో, మానేసినదాని వల్లో ఇది రాలేదు. బిడ్డ కడుపులో ఉండగా, ఐదో వారం నుంచి పన్నెండో వారం మధ్య, పేగును కదిలించే నాడీకణాలు పైనుంచి కిందికి పాకుతూ వెళ్తాయి. సుమారు 5000 మంది పిల్లల్లో ఒకరికి అవి చివరిదాకా చేరవు. ఎక్కడ ఆగిపోతే అక్కణ్నుంచి కింద పేగు బిగుసుకునే ఉంటుంది, మలం ముందుకు జరగదు. నెల తప్పిందని నీకు రూఢిగా తెలిసేసరికే ఆ ప్రయాణం మొదలై ఉంటుంది. ఎవరైనా నీవైపు వేలు చూపిస్తే ఈ ఐదు వాక్యాలూ చదివి వినిపించు. ఇంకో బిడ్డను కనాలనుకున్నప్పుడు మాత్రం జన్యు నిపుణుల్ని ఒకసారి కలవండి. ఆ సంగతి ఇప్పుడు తల మీద పెట్టుకోవద్దు.

సర్జన్‌ని అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్లు. అక్కడికి వెళ్లాక ఒక్కటీ గుర్తురాదు. ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? కోత పెట్టేది మీరేనా, మీ దగ్గర నేర్చుకునేవాళ్లా? ఒకేసారి అయిపోతుందా, ముందు కొలాస్టమీ పెట్టి, అంటే పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి మలం సంచీలోకి పోయేలా చేసి, తర్వాత చేస్తారా? ఇలా అడిగితే ఏమనుకుంటారో అని నేను మొదటిసారి నోరు మెదపలేదు. మంచి సర్జన్ ఏమీ అనుకోరు. ఇంకొకరి అభిప్రాయం తీసుకుంటానన్నా కోపం తెచ్చుకోరు. అరుదైన జబ్బుకి, దాన్ని తరచూ చూసే చేతులు వెతుక్కోవడం తప్పే కాదు.

'ఎంత పేగు తీస్తారు' అని అడిగితే కచ్చితమైన జవాబు రాదు. రాలేదని బెంగపడకు. 1886లో హరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ అనే డెన్మార్క్ పిల్లల డాక్టరు ఈ జబ్బును వివరించాక కూడా, ఉబ్బిపోయిన పేగులోనే లోపం ఉందని చాలాకాలం అనుకున్నారు. ఉబ్బింది నిజానికి మంచి పేగే. కింద సన్నగా, మామూలుగా కనబడేదే జబ్బుది. 1948లో స్వెన్సన్ అనే అమెరికా సర్జన్ ఆ సన్నటి భాగాన్ని తీసేసి, మంచి పేగును కిందికి లాగి కుట్టే పద్ధతిని ప్రచురించాడు. బాబుకి చెయ్యబోయే పుల్‌త్రూ దాని వరసలోదే. కణాలున్న పేగు ఎక్కడ మొదలవుతుందో కంటికి సరిగ్గా తెలియదు కాబట్టి, ఆపరేషన్ మధ్యలో చిన్నచిన్న ముక్కలు ల్యాబ్‌కి పంపి చూసుకుంటారు. చెప్పిన టైము దాటిపోతే తలుపు వంక చూస్తూ ప్రాణాలు బిగబట్టుకోకు. లోపల ఆ రిపోర్టు కోసమే ఆగి ఉండొచ్చు.

ఆపరేషన్‌కి ముందు మామూలుగా తల్లిపాలైతే నాలుగు గంటలు, డబ్బా పాలైతే ఆరు గంటలు ఆపమంటారు. మీ మత్తు డాక్టరు చెప్పిన లెక్కే నీకు లెక్క. ఏడుస్తున్నాడు కదా అని ఒక్క గుక్క కూడా పట్టకు. మత్తులో ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మత్తు దిగేటప్పుడు కొందరు పిల్లలు కాసేపు నిన్ను కూడా గుర్తుపట్టనట్టు గుక్కపెట్టి ఏడుస్తారు. దానంతటదే సర్దుకుంటుంది. నీ గొంతు వినిపిస్తూ ఉండు.

ఒకవేళ కొలాస్టమీ పెడితే, మొదటిసారి చూసినప్పుడు నీ గుండె జారుతుంది. పొట్ట మీద ఎర్రగా, తడిగా పేగు కొస కనిపిస్తుంది. అలా ఎర్రగా ఉండటమే ఆరోగ్యం. ముట్టుకుంటే దానికి నొప్పి తెలియదు. నలుపుకి, నీలానికి తిరిగితే ఆ క్షణమే ఫోన్ చెయ్యి. పుల్‌త్రూ తర్వాత రోజుకి చాలాసార్లు విరేచనమై ఒరుసుకుపోతుంది. ఎర్రబడ్డాక చూద్దామనుకోకుండా మొదటి రోజు నుంచే జింక్ ఆక్సైడ్ క్రీము మందంగా రాయి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. మా వాడికి పుల్‌త్రూ అయిన ఎనిమిది నెలలకి ఒక రాత్రి జ్వరం వచ్చింది. పొట్ట డప్పులా బిగిసింది. భరించలేని వాసనతో నీళ్ల విరేచనాలు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాం. డ్యూటీలో ఉన్న డాక్టరు మామూలు విరేచనాలని చెప్పి, ఆగడానికి మందు రాశాడు. వీడికి ఆపరేషన్ అయిందని ఒకసారి అన్నాను, ఆయన తల ఊపాడు, నేను ఊరుకున్నాను. తెల్లారేసరికి పిల్లాడు వడలిన తోటకూర కాడలా వేలాడిపోయాడు. మా సర్జన్ చూసిన వెంటనే గొట్టం పెట్టి పేగు కడిగించి, నరానికి యాంటీబయాటిక్ ఎక్కించారు. పేగు లోపల అలా వాచిపోవడాన్ని ఎంటెరోకొలైటిస్ అంటారు. ఆపరేషన్ బాగా జరిగినా రావచ్చు, ప్రాణం మీదికి తేవచ్చు. ఆ రాత్రి నేను గట్టిగా ఎందుకు మాట్లాడలేదా అని ఇప్పటికీ బాధపడుతూనే ఉంటాను.

ఈ జబ్బును ఒక్కసారి కూడా చూడని డాక్టర్లు చాలామంది ఉంటారమ్మా. బాబు కథ మొదటినుంచీ తెలిసిన మనిషివి నువ్వే. అందుకని ఒక నోటుపుస్తకం కొను. మొదటి పేజీలో జబ్బు పేరు, ఆపరేషన్ పేరు, తేదీ, ఎంత పేగు తీశారో, సర్జన్ నంబరు రాయి. వాటి కింద పెద్ద అక్షరాలతో ఇలా రాయి: 'జ్వరం, పొట్ట ఉబ్బు, వాసనతో కూడిన విరేచనాలు, మగతగా ఉండటం: వీటిలో ఏది కనబడినా ఎంటెరోకొలైటిస్ అనుమానించి మా సర్జన్‌తో మాట్లాడండి.' నీ అంతట నువ్వు విరేచనాలు ఆపే మందు వెయ్యొద్దు. ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు అడిగి మరీ కాపీలు తీసుకో. మీ ఆయన ఫోన్‌లో కూడా వాటి ఫొటోలు ఉండాలి. అతనికి పేగు కడగడం, సంచీ మార్చడం కూడా నేర్పించమని నర్సుల్ని అడుగు. ఆ పని నీ ఒక్కదాని మీదే పడితే రెండో వారానికి కూలబడిపోతావు.

పెద్దదాన్ని మర్చిపోకు. నాలుగేళ్ల పిల్లకి ఎవరూ ఏమీ చెప్పకపోతే, తమ్ముడిమీద విసుక్కున్నందుకే వాడికి ఇలా అయిందని అనుకుంటుంది. 'తమ్ముడి పేగు సరిగా పనిచెయ్యట్లేదు, డాక్టర్లు బాగుచేస్తారు, నీవల్ల రాలేదు' అని ఉన్నదున్నట్టు చెప్పు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ అది నా దగ్గర పడుకుంటుంది. ముందురోజు సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను, బట్టలు సర్ది ఉంచు.

నోటుపుస్తకంలో మొదటి పేజీ రాశాక ఫొటో తీసి పంపు. ఏమైనా వదిలేసి ఉంటే చెబుతాను.

అత్తయ్య