హైదరాబాద్‌లో నువ్వు, డాలస్‌లో అన్నయ్య: కలిసి సైకిల్ తొక్కాలంటే

చి. కార్తీక్‌కు ఆశీస్సులు.

మీ అన్నయ్యతో జ్విఫ్ట్‌లో (ఇంట్లో తొక్కుతూనే తెరమీది దారుల్లో కలిసి సాగే యాప్) తొక్కాలనుకుంటున్నావుగా, ముందు ట్రైనర్ (సైకిల్‌ని నిలబెట్టి ఉన్నచోటే తొక్కే పరికరం) సంగతి తేల్చుకో. టైరును రోలర్‌కి ఆనించే రకం చవకే, కానీ టైరులో గాలి తగ్గినా పెరిగినా వాట్ల లెక్క, అంటే నువ్వు తొక్కే శక్తి కొలత, మారిపోతుంది. ప్రతిసారీ ఒకే గాలి ఉంచి, పది నిమిషాలు తొక్కి వేడెక్కాక కాలిబ్రేషన్ (కొలత సరిచేయడం) చెయ్యాలి. గళ్ల టైరయితే మోత, జారుడు; నున్నటిది వేయించు. వెనక చక్రం తీసేసి చైన్ నేరుగా తగిలించే డైరెక్ట్ డ్రైవ్‌కి ఈ గొడవ లేదు. కాకపోతే దాని క్యాసెట్‌లో, అంటే గేర్ల గుత్తిలో, పళ్లచక్రాలు నీ సైకిల్‌కి ఉన్నన్నే ఉండాలి. లేకపోతే గేర్లు ఎగిరిపడతాయి.

ఇక జ్విఫ్ట్‌లో రాసే నీ బరువు. ఎత్తు ఎక్కేటప్పుడు నీ వేగాన్ని ప్రధానంగా కిలోకి ఎన్ని వాట్లన్నదే తేలుస్తుంది. 75 కిలోలవాడు 150 వాట్లు తొక్కితే 2. అదే మనిషి 65 అని రాసుకుంటే 2.3! అన్నయ్యని గెలిచానని మురిసిపోవచ్చు గానీ, అది కాళ్లతో గెలిచింది కాదు. ఇద్దరూ అదే వారం తూకం వేసుకుని నిజం రాయండి.

జ్విఫ్ట్ వాళ్ల కంపానియన్ యాప్‌లో మీటప్ (టైము పెట్టుకుని కలిసి తొక్కడం) పెట్టి అన్నయ్యని పిలువు. అందరినీ కలిపి ఉంచే ఎంపిక తప్పక పెట్టు. అది ఉంటే ఒకరు 120, ఒకరు 200 వాట్లు తొక్కినా పక్కపక్కనే సాగుతారు. లేకపోతే ఐదు నిమిషాల్లో ఎవరి దారి వారిది. దారి టెంపస్ ఫ్యుజిట్ తీసుకో, దాదాపు అంతా చదునే. ఆల్ప్ డు జ్విఫ్ట్ జోలికి ఇప్పుడే వెళ్లకు: 12 కిలోమీటర్లలో వెయ్యి మీటర్ల పైచిలుకు ఎక్కాలి, 21 మలుపులు.

ల్యాప్‌టాప్‌కి ట్రైనర్ కనపడకపోతే దాన్ని తిట్టకు. చాలా ట్రైనర్లు బ్లూటూత్‌లో ఒక్కరికే చిక్కుతాయి, ఫోన్‌లో తెరిచి ఉన్న యాప్ ముందే పట్టేసుకుని ఉంటుంది. దాన్ని మూసెయ్. ట్రైనర్, వైఫై రౌటర్ రెండూ ఇన్వర్టర్ లైనులో పెట్టు.

గదిలో గాలి ఎదురురాదు కాబట్టి పెద్ద ఫ్యాను ముఖానికి సూటిగా ఉండాలి. గంటకి అర లీటరుకి తగ్గకుండా నీళ్లు. హ్యాండిల్ మీద తువ్వాలు పరుచు, చెమట ఉప్పు దిగితే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటు) బోల్టులు తుప్పు పడతాయి. కింద మందపాటి మ్యాట్ వెయ్యి, అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్ వాళ్లు పైకి రాకుండా.

మాటలకి వాట్సాప్ కాల్ చాలు, మైకున్న ఇయర్‌ఫోన్ పెట్టుకో, ఫ్యాను హోరు తగ్గుతుంది. పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నావంటే జోరు ఎక్కువైనట్టే. మొదటివారం 30 నిమిషాలు మించకండి.

ఆదివారం పొద్దున ఆరు నీకు, శనివారం రాత్రి ఏడున్నర వాడికి. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం వెనక్కి జరుపుతారు; ఆపైన నీ ఆరింటికి వాడికి ఆరున్నరే. మార్చిలో మళ్లీ మారుతుంది. మీటప్ టైము అప్పుడే సరిచూసుకో, లేకపోతే గంటసేపు ఒక్కడివే తొక్కుతావు.

ఇట్లు,
బాబాయి