పోలీసులతో పరిచయం లేనివాళ్లు డిటెక్టివ్ నవలలు రాయగలరా?

మిర్యాలగూడ రైస్ మిల్లులో కాటా దగ్గర నైట్ డ్యూటీ చేస్తానని, పోలీస్ స్టేషన్ గడప కూడా తొక్కలేదని, అయినా డిటెక్టివ్ నవల రాయాలని ఉందని అడిగారు. తప్పకుండా రాయగలరు. నేను అచ్చంపేటలో మందుల షాపులో ఫార్మసిస్టుని. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ కూడా నవలలు రాయకముందు ఈ పనే చేశారు. నా ధైర్యం అక్కడి నుంచి వచ్చిందే.

చిన్నప్పుడు మా నాన్న అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు నవలలు తెచ్చేవారు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మా ఇంట్లో మనుషుల్లాగే ఉండేవాళ్లు. ఇలాంటివి రాయాలంటే నేరస్తులతో, పోలీసులతో తిరిగి ఉండాలనుకునేదాన్ని. క్రిస్టీ ఆత్మకథ చదివాక ఆ భయం పోయింది.

ఆవిడ 1890లో ఇంగ్లండ్‌లోని టార్కీలో, సముద్రం ఒడ్డున పుట్టారు. చదువు చాలావరకు ఇంట్లోనే సాగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊళ్లోని ఆసుపత్రిలో ముందు నర్సుగా, తర్వాత మందులిచ్చే గదిలో పనిచేశారు. అక్కడ పని వస్తే ఒక్కసారిగా మీద పడుతుంది, లేకపోతే గంటల తరబడి ఖాళీ. ఆ ఖాళీ గంటల్లోనే నవల ఆలోచన వచ్చింది. చుట్టూ ఉన్నవన్నీ విషం సీసాలే కాబట్టి హత్య కూడా విషంతోనే జరగాలనుకున్నారు. నీవల్ల కాదని అంతకుముందు అక్క అన్న మాట కూడా మనసులో ఉండనే ఉంది.

పని నేర్చుకోవడానికి ఆవిడ ఊళ్లో ఒక పేరున్న ఫార్మసిస్టు దగ్గరికి వెళ్లేవారు. ఒకరోజు ఆయన సపోజిటరీలు (మలద్వారంలో పెట్టే మందు బిళ్లలు) తయారుచేస్తూ లెక్కలో పాయింటు ఒక స్థానం తప్పు పెట్టాడు. మందు పదింతలు పడింది. ఆవిడ గమనించారు. కానీ తప్పు చూపిస్తే ఒప్పుకునే మనిషి కాదాయన. అందుకని కాలు తట్టుకున్నట్టు చేసి, పలకతో సహా వాటిని కింద పడేసి, గట్టిగా తొక్కేసి సారీ చెప్పారు. అదే మనిషి క్యురారే అనే విషాన్ని చిన్న ముక్కగా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. అది దగ్గరుంటే తనకు బలంగా అనిపిస్తుందని చెప్పాడట. సుమారు నలభై అయిదేళ్ల తర్వాత, 1961లో వచ్చిన ఒక నవలకు ఆయనే ప్రేరణ.

అది చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. డి.ఫార్మసీ అయ్యాక మహబూబ్‌నగర్‌లో ఒక నర్సింగ్ హోంలో చేరిన కొత్తలో, పాప జ్వరానికి పారాసిటమాల్ సిరప్ 125 బదులు రెట్టింపు మందుండే 250 ఇచ్చాను. రెండు డబ్బాలూ ఒకే రంగు, ఒకే సైజు. పది నిమిషాల తర్వాత స్టాక్ సర్దుతుంటే 125 డబ్బాల వరస కదలకుండా నిండుగా కనిపించింది. టెన్షన్‌తో బస్టాండు దాకా పరిగెత్తాను. నారాయణపేట బస్సు దగ్గర పాపను భుజాన వేసుకుని నిలబడి ఉందామె. "ఏమాయె చెల్లె, పైసలు తక్కువిచ్చిన్నా?" అంది. సీసా ఇంకా మూత తీయలేదు. నాకు ఆ ఊపిరి వెనక్కి రావడానికి చాలాసేపు పట్టింది. తప్పు పట్టించింది ఒక నిండు వరస. డిటెక్టివ్ కథలో క్లూ అంటే సరిగ్గా ఇలాంటిదే.

ఆవిడ మొదటి నవల 'ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్'లో విషం స్ట్రిక్‌నిన్. ఇదేదో సీమ విషం అనుకున్నాను. తీరా చూస్తే మన ముష్టి గింజల్లో ఉండేదే! మా అమ్మమ్మది మన్ననూరు. అక్కడి చెంచులు అడవిలో ఏరి తెచ్చి అమ్మే గింజలు అవి. పావలా బిళ్లలా గుండ్రంగా, బూడిద రంగులో, వేలితో రాస్తే పట్టులా ఉంటాయి. నేను ఆడుకోవడానికి ఒకటి తీసుకుంటే అమ్మమ్మ నా చెయ్యి మూడుసార్లు కడిగించింది. ఆ నవలలో మందుల షాపు విషాల రిజిస్టర్‌లో పెట్టిన సంతకం చుట్టూ పెద్ద చిక్కు ఉంటుంది (అంతకంటే చెప్పను, చదవండి). నేను కొన్ని రకాల మందుల అమ్మకాలు విడిగా రాసిపెట్టే హెచ్1 రిజిస్టర్‌లో డాక్టరు పేరు, పేషెంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చానో రాసే ప్రతిసారీ అది గుర్తొస్తుంది.

మీ అసలు అనుమానం పోలీసులు, కోర్టుల గురించి కదా. ఆవిడకూ కోర్టు సంగతి తెలియదు. 1916లో రాసిన ఆ నవల చివర డిటెక్టివ్ పొయిరో కోర్టు బోనులో నిలబడి అంతా విప్పి చెబుతాడు. అది నమ్మేలా లేదు, మార్చమని పబ్లిషర్ అన్నాడు. ఆవిడ కోర్టు తీసేసి అందరినీ ఇంట్లో హాల్లో కూర్చోబెట్టారు. చివరి అధ్యాయంలో అందరినీ ఒక గదిలో పోగుచేసే పద్ధతి ఆవిడ నవలలకు గుర్తుగా నిలిచిపోయింది, తెలియని చోటు వదిలేసి తెలిసిన చోటికి రావడం వల్ల. విషాన్ని ఎంత సరిగ్గా రాశారంటే, ఫార్మసిస్టుల పత్రిక ఆ నవలను మెచ్చుకుంది. అన్ని మెప్పుల్లో ఆవిడకు అదే ఎక్కువ ఆనందమట.

డబ్బు మాత్రం వెంటనే ఆశించకండి. చాలామంది పబ్లిషర్లు తిప్పి పంపారు. ఒప్పుకున్నవాళ్లు దాదాపు రెండేళ్లు పలకలేదు. 1920లో అచ్చయితే చేతికొచ్చింది 25 పౌండ్లు, పైగా ఇంకో అయిదు పుస్తకాలు వాళ్లకే ఇవ్వాలని షరతు. 1926లో తల్లి పోవడం, భర్త విడాకులు అడగడం, పదకొండు రోజులు ఆవిడ కనిపించకుండా పోవడం అందరూ రాసేదే, నేను రాయను. 1976లో పోయేనాటికి డిటెక్టివ్ నవలలు 66. రెండో ప్రపంచ యుద్ధంలో, అంత పేరొచ్చాక కూడా, లండన్‌లో ఆసుపత్రి మందుల గదిలో మళ్లీ పనికి వెళ్లారు.

మీ కాటా సంగతికి వద్దాం. లారీ ఖాళీ బరువు ఒక చీటీ, లోడు బరువు ఇంకో చీటీ, టైముతో సహా మీ దగ్గరే ఉంటాయి. అదే లారీ, అదే డ్రైవరు. నిన్న రాత్రి ఖాళీగా తూగినదానికి, ఈ రాత్రి ఖాళీగా తూగినదానికి 60 కిలోలు తేడా వచ్చింది. ఆ చీటీ మీద మీరు సంతకం పెడతారా, టార్చి పట్టుకుని లారీ వెనక్కి వెళ్తారా?