ఫ్లష్ ట్యాంకు విప్పే ముందు

నాన్నా,

కమోడ్‌లోకి రాత్రంతా నీళ్లు సన్నగా కారుతున్నాయనీ, ఆదివారం ఫ్లష్ ట్యాంకు అడుగున నీళ్లు ఆపే రబ్బరు వాషర్ నువ్వే మారుస్తానన్నావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మా ఇంట్లో ఈ పని ముప్పై ఏళ్లుగా నేనే చేస్తున్నాను. పాడయ్యేది మార్చేటప్పుడు కాదు, ట్యాంకు సరిగ్గా ఖాళీ చేయకుండా చెయ్యి పెట్టినప్పుడే. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక బకెట్ నిండా నీళ్లు పట్టి పక్కన పెట్టు. మీకున్నది ఒకటే బాత్రూమ్, మధ్యలో ఎవరికైనా అవసరం పడుతుంది.

ట్యాంకుకి నీళ్లు తెచ్చే కనెక్షన్ పైపు గోడని కలిసే చోట యాంగిల్ కాక్ అనే చిన్న కుళాయి ఉంటుంది. దాన్ని కుడివైపు తిప్పి కట్టెయ్. మీది బోరు నీళ్లు కాబట్టి దాని చుట్టూ తెల్లగా గార కట్టి ఉంటుంది. తిరగకపోతే పానాతో బలవంతం చేయకు. వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి గంటసేపు వదిలెయ్, తర్వాత కొంచెం అటూ కొంచెం ఇటూ ఆడించు. ఒకసారి నేను మొండిగా తిప్పితే కాక్ విరిగి చేతిలోకి వచ్చింది. మిద్దె మీదికి పరిగెత్తి గేట్ వాల్వ్ కట్టేలోపు హాల్లోకి నీళ్లు వచ్చేశాయి. పైన ఏ వాల్వ్ మీ బాత్రూమ్‌దో ఇవాళే ఓనరుని అడిగి చూసి పెట్టుకో. అది కట్టాల్సి వస్తే గీజర్ స్విచ్ కూడా ఆపెయ్.

కాక్ కట్టాక ఫ్లష్ చేసి, మూత తియ్. బటన్ మూత మీదే ఉంటే గట్టిగా లాగకు, బటన్ చుట్టూ ఉన్న రింగు తిప్పితే ఊడుతుంది. పింగాణీ మూత అయితే మడతపెట్టిన దుప్పటి మీద నేలపై పెట్టు, గోడకి ఆనించకు.

ఇక్కడ తొందరపడకు. కాక్ తిరిగినంత మాత్రాన నీళ్లు ఆగినట్టు కాదు. ట్యాంకులో నీళ్ల మట్టం పెరగడం లేదని నమ్మకు, మీ వాషర్ కారుతోంది కదా, సన్నగా వచ్చేవి వచ్చినట్టే కిందికి పోతాయి. ట్యాంకులోకి నీళ్లు వదిలే బాల్‌కాక్ మూతి కింద వేలు పెట్టి ఐదు నిమిషాలు ఉంచు. వేలు పొడిగా ఉంటేనే ముందుకెళ్లు.

ఫ్లష్ చేశాక కూడా అడుగున రెండు వేళ్ల లోతు నీళ్లు మిగులుతాయి. మగ్గు ముంచడానికి రాదు. స్పాంజి గానీ పాత బనీను గానీ పెట్టి పీల్చి బకెట్‌లో పిండు. ఏడెనిమిదిసార్లు పిండాలి. అప్పుడు అడుగు తడిమి చూడు, గరగరమని వేళ్లకి సన్నని ఇసుక తగులుతుంది. దాన్ని తప్పకుండా తుడిచెయ్. ఆ రేణువు ఒక్కటి వాషర్ కింద ఇరుక్కున్నా నీళ్లు కారతాయి. ఒక్కోసారి శుభ్రం చేశాక కొత్త వాషర్ వేసే పనే ఉండదు. గార పోతుందని యాసిడ్ మాత్రం పోయకు. రబ్బరు పాడవుతుంది, బాత్రూమ్‌లో ఆ పొగ పీల్చడం ఇంకా ప్రమాదం.

బాల్‌కాక్ కూడా మార్చాల్సి వస్తే కనెక్షన్ పైపు విప్పే ముందు కింద గిన్నె పెట్టు, పైపులో నిలిచిన నీళ్లు ఒక్కసారిగా పడతాయి. మళ్లీ బిగించేటప్పుడు ప్లాస్టిక్ నట్టుకి చేతి బిగింపు చాలు, ఇంకా కారితే అప్పుడు పానాతో కొద్దిగా తిప్పు. మరీ బిగిస్తే పగులుతుంది.

అంతా అయ్యాక కాక్ మెల్లగా తెరువు. ట్యాంకు కింద ఒక పాత పేపరు పరిచి రాత్రంతా వదిలెయ్. పొద్దున అది పొడిగా ఉంటే నాకు ఫోన్ చెయ్. తడిసినా చెయ్, ఎక్కడ తడిసిందో చెబితే ఏ నట్టు చూడాలో చెప్తాను.

మీ పెద్దమ్మ