పాత బండి చక్రం ఆకులు కదులుతుంటే మేకులు కొట్టించకండి

భీమిలిలో కొన్న పాత ఎడ్లబండి చక్రం ఆకులు (మధ్య నుంచి అంచుకి పోయే కర్రలు) కదులుతున్నాయి, మేకులు కొట్టిస్తే సరిపోతుందా, అసలు వీటిని ఎలా చేసేవారు, ఆ పనిలో బతుకు ఎలా ఉండేది అని అడిగారు. మేకులు మాత్రం వద్దు. కొట్టిన చోట కర్ర చీలుతుంది, మేకు తుప్పు పట్టి చుట్టూ ఉన్న కర్రని తినేస్తుంది. ఆ చక్రం ఇన్నాళ్లు నిలబడింది బిగువు మీద. పోయింది ఆ బిగువే. మళ్లీ తెప్పించాల్సింది దాన్నే.

మా తాత బండి వడ్రంగి. మా ఊరు చోడవరం దగ్గర. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలో కలిసింది గానీ, నా చిన్నప్పుడు విశాఖ జిల్లానే. నేను గాజువాక ఆటోనగర్‌లో లారీ బాడీలు కడతాను. వేసవి సెలవులన్నీ తాత పాకలోనే గడిచాయి కాబట్టి ఈ పని దగ్గర నుంచి చూశాను.

మీ చక్రం మధ్యలో ఉన్న లావుపాటి దుంగని కుండ అంటారు. అందులోంచి వచ్చేవి ఆకులు, ఆకుల చివర్లు పట్టుకున్న వంపు ముక్కలు పూటీలు. లెక్క పెట్టి చూడండి, మామూలుగా 12 ఆకులు, 6 పూటీలు ఉంటాయి. ఒక్కో పూటీకి 2 ఆకులు. మా వైపు ఎక్కువగా నల్లతుమ్మ వాడేవారు. కుండకి కోసిన దుంగని వెంటనే ముట్టుకునేవారు కాదు. రెండు కొసలకీ పేడ మెత్తి, ఎండ తగలకుండా పాకలో ఓ మూల పడేసేవారు. కొసలు ముందు ఆరితే దుంగ బీటలు వారుతుంది. అలా ఏడాది, రెండేళ్లు ఆరాకే చెక్కడానికి బాడిస పట్టేవారు. మా పాకలో పని జరిగే చోటు కంటే ఆరుతున్న కర్ర ఉన్న చోటే ఎక్కువ.

ఆకుల్ని కుండలోకి సుత్తితో దిగ్గొట్టేవారు. చేత్తో తోస్తే దూరే ఆకుని తాత పక్కన పడేసేవాడు. పూటీలు తొడిగాక రెండు పూటీల మధ్య సన్నటి సందు వదిలేవారు. చిన్నప్పుడు అది పనిలో లోపమనుకున్నాను. ఆ సందు లేకపోతే చక్రం చుట్టూ తొడిగే ఇనప పట్టా ఎంత బిగించినా ఆ బలం పూటీలు ఒకదాన్నొకటి నెట్టుకోవడంతోనే సరిపోతుంది, ఆకుల దాకా రాదు.

పట్టా ఎక్కించే రోజు మా వీధిలో పిల్లలంతా కమ్మరసాల దగ్గరే ఉండేవాళ్లం. ముందు కొలత. పూటీ మీద సుద్దతో గీత పెట్టి, నేల మీద పరిచిన ఇనప పట్టా మీద చక్రాన్ని సరిగ్గా ఒక చుట్టు దొర్లించేవారు. పట్టాని వంచితే లోపలి చుట్టు తగ్గుతుంది కాబట్టి దాని మందానికి మూడింతలు కలపాలి. అతుకు వేయడానికి ఇంకాస్త. అదంతా కలిపాక, బిగువు కోసం కొంత తీసేయాలి. 5 అడుగుల చక్రానికి చుట్టుకొలత 188 అంగుళాల పైమాటే. అంత పట్టాని ఎర్రగా కాలిస్తే అంగుళం పైచిలుకు సాగుతుంది. అందుకే తీసేసేది ఆ అంగుళం లోపే ఉండాలి. ఎక్కువ తీస్తే పట్టా ఎక్కదు, బలవంతంగా ఎక్కిస్తే ఆకులు వంగిపోతాయి. తక్కువ తీస్తే ఆ చక్రం ఏడాదిలోనే తిరిగి పాక ముందుకొస్తుంది.

తెల్లవారుజామునే పిడకలు గుండ్రంగా పేర్చి నిప్పు పెట్టేవారు. ఎండొస్తే ఇనుము ఎరుపు కంటికి ఆనదు. నలుగురు పటకార్లతో పట్టాని ఎత్తి చక్రం మీద దించగానే కర్ర అంటుకుని పొగ లేచేది. అప్పుడు నీళ్లు పోయాలి, అది మా పిల్లల పని. ఒకసారి నేను కంగారులో బిందె మొత్తం ఒకే చోట కుమ్మరించాను. "ఒరే గుంటడా, ఒకేపే పోత్తే ఓరకి లాగేత్తాది. సుట్టూ తిరుగుతా పొయ్యి" అని అరిచాడు తాత. పట్టా చల్లారుతూ ముడుచుకుంటుంటే చక్రమంతా కిర్రుకిర్రుమనేది. పూటీల మధ్య సందులు మా కళ్ల ముందే మూసుకునేవి, ఆకులు ఒక్కొక్కటీ టక్కుటక్కుమని లోపలికి కూర్చునేవి. అంతా అయ్యాక తాత చిన్న సుత్తితో 12 ఆకుల్నీ వరసగా తట్టి వినేవాడు. ఒక్కటి మొద్దుగా మోగినా మొహం మాడిపోయేది.

బతుకు సంగతికొస్తే, కొత్త చక్రాలకి విడిగా డబ్బు ఇచ్చేవారు. రిపేర్లకి మాత్రం మేర. నూర్పులప్పుడు కళ్లంలో ఒక్కో రైతు ఇన్ని కుంచాల ధాన్యం అని కొలిచేవాడు. దానికి ఏడాది పొడుగునా నాగలి, కాడి, బండి ఏది పాడైనా చూసిపెట్టాలి. పంట పోయిన ఏడు మేర కూడా పోయేది, అది నిజం. కానీ చక్రం వదులైతే బాగుచేసే భారం చేసినవాడి మీదే పడేది కాబట్టి, మొదట్లోనే గట్టిగా చెయ్యడంలో వడ్రంగికీ లాభం ఉండేది. ఇప్పుడు మా ఆటోనగర్‌లో ఏ పనికా పనికే డబ్బు. నాకు తాత పద్ధతే న్యాయంగా తోస్తుంది.

ఒకసారి చెరకు తోలకాలు మొదలవుతాయని ఒక రైతు తొందరపెడితే ఆరు నెలలే ఆరిన కర్రతో తాత చక్రం చేశాడు. ఎండలు ముదిరేసరికి కుండ చిక్కి ఆకులు ఊగాయి. ఆ రైతు పల్లెత్తు మాట అనలేదు, బండి మా వాకిట్లో వదిలేసి వెళ్లాడు. తాత పైసా తీసుకోకుండా కొత్తది చేసిచ్చాడు. కర్ర కొనడానికి నానమ్మ కమ్మలు తాకట్టుకెళ్లాయి. ఆ తర్వాత ఎవరెంత బతిమాలినా పచ్చి కర్ర మీద ఉలి పెట్టలేదు.

రబ్బరు టైర్ల బళ్లు వచ్చాక చక్రం అడిగేవాళ్లు తగ్గారు, ట్రాక్టర్లతో పూర్తిగా ఆగిపోయింది. తాత చివరి రోజుల్లో తలుపులు, మంచాలు చేశాడు. ఆ పనిలో అతనికి సంతోషం కనపడలేదు నాకు.

ఇక మీ చక్రం. పూటీల మధ్య సందులు ఉన్నాయో లేదో ముందు చూడండి. సందులుండి పట్టా వదులుగా ఉంటే, పట్టా తీయించి కొంచెం కోయించి, మళ్లీ అతికించి కాల్చి ఎక్కించాలి. పూటీలు ఒకదానికొకటి ఆనుకుని ఉండీ ఆకులు ఊగుతుంటే, ముందు ఆ అతుకుల్లో సన్న రంపం ఆడించి సందు తెప్పించాలి. చెరువులో నానబెట్టమని ఎవరైనా చెప్తారు. బండివాళ్లు ఎండాకాలంలో అలాగే గడుపుకునేవారు. ఆరగానే మళ్లీ వదులవుతుంది. సముద్రపు గాలికి పట్టా తుప్పు పడుతుంది, ఏటా ఒకసారి నూనె రాయండి. ఏసీ గదిలో మాత్రం పెట్టకండి, కర్ర మరీ ఆరి వదులవుతుంది.

విప్పించే ముందు కుండ మీదా, ఆకుల మొదట్లోనూ ఉలితో పెట్టిన చిన్న గాట్లు ఉన్నాయేమో వెతకండి. ఏ ఆకు ఏ తొర్రలోదో తెలియడానికి పెట్టే గుర్తులవి. ఒకటి తారుమారైనా మళ్లీ బిగువు రాదు. గాట్లు కనపడితే దగ్గర నుంచి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, ఏ ఆకు దగ్గర మొదలుపెట్టాలో చెప్తాను.