అండలూసియాలో ఎడారి పక్కనే మంచుకొండలు ఎందుకు?

ప్రశ్న: స్పెయిన్ దక్షిణాన ఉన్న అండలూసియాను పర్యాటక ప్రకటనలన్నీ ఎండ కాసే సీమగానే చూపిస్తాయి. అక్కడే ఎడారి, మంచుకొండలు కూడా ఉన్నాయని చదివాను. ఒకే ప్రాంతంలో ఇంత తేడా ఎలా వచ్చింది?

జవాబు: ఎండ మాట నిజమే. 2021 ఆగస్టు 14న కోర్దోబా రాష్ట్రంలోని లా రాంబ్లాలో 47.6 డిగ్రీల వేడి నమోదయింది. అయితే ఆ నేల స్వభావం తెలియాలంటే ఎండ కన్నా ముందు నీటి దారిని గమనించాలి. అక్కడ వానలు పడేది వేసవి వెళ్లాక, ముఖ్యంగా చలికాలంలో. వేసవిలో అట్లాంటిక్ సముద్రంలోని అజోర్స్ దీవుల వైపు నుంచి విస్తరించే అధిక పీడనం వాన మేఘాలను దరి చేరనివ్వదు. చలికాలంలో అట్లాంటిక్ మీదుగా వచ్చే తేమగాలులు మొదట పశ్చిమాన ఉన్న గ్రాసలేమా కొండలను తాకుతాయి కాబట్టి అక్కడ ఏడాదికి సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఆ గాలులు తూర్పుకు సాగి సియెర్రా నెవాడా పర్వతాలు దాటేసరికి వాటిలో తేమ దాదాపు మిగలదు. ఆవలి వాననీడలో పడిన తాబెర్నాస్ ఎడారిగా మారింది. దానికి దిగువన కాబో దె గాతా తీరంలో వర్షపాతం 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది.

సియెర్రా నెవాడాలోని ముల్హసెన్ శిఖరం ఎత్తు 3,479 మీటర్లు. మధ్యధరా తీరం అక్కడికి 40 కిలోమీటర్ల లోపే ఉన్నా చలికాలమంతా దానిమీద మంచు నిలుస్తుంది, ఎండాకాలానికి ఆ మంచే నీటి నిల్వ. దక్షిణపు వాలులోని అల్పుహార్రా గ్రామాలలో అరబ్బుల పాలనాకాలం నాటి అసేకియాలనే కాలువలు ఇప్పటికీ పారుతున్నాయి. నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది వీటిలో ఒక రకం కాలువలు చేసే పని. వసంతంలో మంచు కరిగి నీరు ఉరకలెత్తే రోజుల్లో ఆ నీటిని నేరుగా పొలానికి కాకుండా కొండ పైభాగాన నేల బాగా ఇంకించుకునే చోట్లకు మళ్లించి వదిలేస్తారు. అది భూమిలోకి ఇంకి, రాళ్ల సందుల గుండా నెమ్మదిగా దిగి, వారాలు, నెలల తరువాత, సరిగ్గా ఎండలు ముదిరిన వేళకు, కింది ఊళ్ల ఊటల్లో పైకి వస్తుంది. మోటారు లేదు, ఆనకట్ట లేదు. కొండనే చెరువుగా వాడుకున్నారు.

ప్రశ్న: మధ్యాహ్నం తలుపులు మూసుకుని నిద్రపోయే అక్కడి ప్రజలను బద్ధకస్తులంటారు. ఇది న్యాయమేనా?

జవాబు: న్యాయం కాదు. జులైలో సెవిల్‌లో పగటి వేడి సగటునే 36 డిగ్రీలు ఉంటుంది. అలాంటి చోట మధ్యాహ్నం పని ఆపి, రాత్రి పదికి భోంచేసి, చల్లబడ్డాక వీధిలోకి రావడం వివేకమే. ఇళ్లు కూడా ఈ లెక్కతోనే కట్టుకున్నారు. మందపాటి గోడలు, ఏటా వేసే తెల్లసున్నం, ఇంటి నడిమధ్య పూలకుండీలతో నిండిన లోగిలి అన్నీ వేడిని తగ్గించేవే. కోర్దోబాలో ఏటా జరిగే లోగిళ్ల ఉత్సవాన్ని 2012లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక శ్రమ సంగతికి వస్తే, హాయెన్ రాష్ట్రంలో 6 కోట్లకు పైగా ఆలివ్ చెట్లున్నాయి. వాటి కాపును చలికాలంలో, తెల్లవారుజామున గడ్డకట్టే మంచులో దులిపి ఏరేది కూలీలే. అల్మేరియా తీరంలోని ప్లాస్టిక్ పందిళ్ల కింద యూరప్‌కంతటికీ కూరగాయలు పండించేవారిలో చాలామంది మొరాకో నుంచి, ఇతర ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన వలస కూలీలు. ఆ ఉక్కలో పని చేసేవారి ముందు బద్ధకం అన్న మాట ఎత్తడానికి మనసు ఒప్పదు.

ప్రశ్న: అండలూసియా పాట, నృత్య కళ అయిన ఫ్లెమెంకో పాడే హితానోలకు భారతదేశంతో సంబంధం ఉందా?

జవాబు: ఉంది. సుమారు వెయ్యేళ్ల కిందట వాయవ్య భారతం నుంచి బయలుదేరిన, జిప్సీలని పిలిచే రోమా ప్రజలలో ఒక శాఖ 15వ శతాబ్దంలో స్పెయిన్ చేరింది, వారే హితానోలు. ఫ్లెమెంకోను తీర్చిదిద్దడంలో వారి పాత్ర చాలా పెద్దది. ప్రస్తుతం వారి మాటకు వ్యాకరణం స్పానిష్‌దే అయినా పాత పదాలు కొన్ని మిగిలాయి. కలో అనే ఆ భాషలో నీటిని 'పాన్యి' అంటారు, అది మన ఉత్తరాది 'పానీ'కి తోబుట్టువు.