ఖాళీ మందు డబ్బాలతో మొదలుపెట్టమ్మా

అమ్మాయికి ఆశీస్సులు.

మహిళా సమాఖ్యలో పిల్లల ఆరోగ్యం పని నీకు అప్పజెప్పారని తెలిసి చాలా సంతోషించాను. పురుగుమందుల కొట్లవాళ్లని, బ్యాటరీ షాపాయన్ని, రైసు మిల్లువాళ్లని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడతానన్నావు. తప్పకుండా చెయ్యి. కానీ మీటింగు కంటే ముందు ఒక్కొక్కరి దగ్గరికీ విడిగా వెళ్లు. నలుగురిలో అడిగితే తప్పంతా తన మీదకి తోస్తున్నారనుకుని ఏ వ్యాపారైనా ముడుచుకుపోతాడు. తీరిక వేళ చూసి కొట్టు దగ్గరే కూర్చుని మాట్లాడితే తన మనవడి సంగతి తనే ఎత్తుతాడు. అప్పుడు కూడా 'అమ్మడం మానెయ్యండి' అనకు. రేపు పొద్దున్న చెయ్యగలిగిన పని ఒక్కటి అడుగు.

ఆ ఒక్కటీ ఖాళీ పురుగుమందు డబ్బాల పనే అవ్వాలి. వేసవిలో కాలువలు కట్టేశాక లాకుల దగ్గరికి వెళ్లి చూడు. ఎండిన గుర్రపు డెక్క కింద ఎన్ని డబ్బాలుంటాయో! లేబుళ్లు ఊడిపోయినా మూతల దగ్గర మందు ఇంకా అంటుకునే ఉంటుంది. నీళ్లున్నప్పుడు ఈతకొచ్చే పిల్లలు తేలడానికి వాటినే నడుముకి కట్టుకుంటారు. ఇళ్లలో కిరసనాయిలుకీ, నూనెకీ కూడా వాడేస్తారు. 2013 జులైలో బీహార్‌లోని ఛప్రా దగ్గర మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉందని పరీక్షల్లో తేలింది. ఆ నూనె పెట్టింది మందు డబ్బాలోనని అధికారులే చెప్పారు. పురుగుమందుల కొట్టాయనకి ఈ మాట చెప్పు. ఆయనకి తెలిసే ఉంటుంది, అయినా చెప్పు.

కొట్టు బయట తాళం వేసే ఇనప పెట్టె ఒకటి ఆయన పెట్టాలి. మీ డ్వాక్రా అక్కలు రైతుల ఇళ్లలో చెప్పాలి: డబ్బా ఖాళీ అవగానే మూడుసార్లు నీళ్లతో కడిగి, ఆ నీళ్లు స్ప్రేయరు ట్యాంకులోనే పోసి, డబ్బాకి చిల్లు పొడిచి తెచ్చి పెట్టెలో వెయ్యాలి. చిల్లు ముఖ్యం, ఇంక ఎవరూ అందులో ఏమీ పొయ్యలేరు. గట్టు మీద మాత్రం తగలబెట్టనివ్వకు. పెట్టె నిండితే ఏం చెయ్యాలని ఆయన అడుగుతాడు, అది న్యాయమైన ప్రశ్నే. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్యాకింగ్ ప్లాస్టిక్‌ని వెనక్కి తీసుకునే బాధ్యత కంపెనీలదే. డిస్ట్రిబ్యూటరుకి ఆయనొక్కడూ ఉత్తరం రాస్తే పక్కన పడేస్తారు. అందుకే చుట్టుపక్కల కొట్లవాళ్లందరి సంతకాలతో, సమాఖ్య స్టాంపుతో నువ్వే రాయి. వాళ్లకి నువ్వు చెయ్యగలిగిన సాయం అది.

బ్యాటరీల దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. వాటిలో ఉండే సీసానికి ఇంత వరకూ ఫర్వాలేదనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కడుపులోకి వెళ్లిన సీసాన్ని చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే నాలుగైదు రెట్లు పీల్చుకుంటుంది. పాకే పిల్లలు నేల మీది దుమ్ముని చేత్తోనే నోట్లో పెట్టుకుంటారు కదా. షాపులో పాత బ్యాటరీలు పగలగొట్టడం, సీసం కరిగించడం పూర్తిగా మానాలి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలొచ్చాక వాటిని వెనక్కి తీసుకోవాల్సింది తయారీదారులే. పనివాళ్లు ఇంటికెళ్లే ముందు చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోవడానికి అక్కడే చోటివ్వమని యజమానిని అడుగు. ఆ బట్టలతోనే ఇంట్లో బిడ్డనెత్తుకుంటున్నారని చెబితే వింటాడు.

మిల్లువాళ్లు అంగన్‌వాడీకి రంగులు వేయిస్తామంటే సంతోషంగా ఒప్పుకో. 2017 నవంబరు నుంచి ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదు. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూశాకే కొనమను. పాత పెయింటు గీకే రోజుల్లో పిల్లల్ని వేరే చోట కూర్చోబెట్టండి.

ఇదంతా జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలే లోపు మొదలవ్వాలి, తర్వాత రైతులెవరూ దొరకరు. ప్రతి పురుగుమందుల కొట్లోనూ పెద్ద అక్షరాలతో ఒక బోర్డు పెట్టించు: 'పిల్లలు పురుగుమందు తాగితే ఉప్పునీళ్లు పట్టించి కక్కించకండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. మందు డబ్బా ఆసుపత్రికి తీసుకెళ్లండి.' ఏ విరుగుడు ఇవ్వాలో డాక్టరుకి తెలిసేది ఆ లేబుల్‌తోనే.