స్కూలు బాండు పాసైతే మా ఇంటి పన్ను ఎంత పెరుగుతుంది?

ప్రశ్న: మేము 2021లో కాలిఫోర్నియా బే ఏరియాలో 11.5 లక్షల డాలర్లకు ఇల్లు కొన్నాము. ఇప్పుడు దాని మార్కెట్ ధర 16 లక్షల దాకా ఉంది. మా పాప చదివే ప్రభుత్వ పాఠశాలలో వాన పడితే తరగతి గదిలో బకెట్టు పెడుతున్నారు. మరమ్మతుల కోసం స్కూల్ డిస్ట్రిక్ట్ వారు నవంబరులో బాండు (ఆస్తి పన్నుతో తీర్చే అప్పు) ప్రతిపాదనను ఓటుకు పెడుతున్నారని, పాసైతే లక్ష డాలర్ల విలువకు ఏటా 48 డాలర్ల పన్ను పడుతుందని కరపత్రం వచ్చింది. మా బిల్లులో ఇప్పటికే ఇలాంటి పాత బాండ్లు రెండు ఉన్నాయి. మేమిద్దరం హెచ్-1బి వీసాపై ఉన్నాము కనుక మాకు ఓటు లేదు. మా మీద ఎంత భారం పడుతుంది? ఎన్నేళ్లు కట్టాలి? మధ్యలో ఇల్లు అమ్మితే ఏమవుతుంది?

జవాబు: మీరు మీ ఇంటికి రెండు ధరలు రాశారు. ఈ లెక్కలో చాలామంది పొరపడేది ఆ రెండింటి దగ్గరే కనుక అక్కడే మొదలుపెడతాను. బాండు పన్ను మార్కెట్ ధర మీద పడదు. కౌంటీ రికార్డుల్లో ఉన్న, బిల్లు మీద అసెస్డ్ వాల్యూ అని కనిపించే మదింపు విలువ మీద పడుతుంది. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 13 (ప్రొపొజిషన్ అంటే రాష్ట్రమంతటా ప్రజల ఓటుకు పెట్టే ప్రతిపాదన) ప్రకారం ఆ విలువ మీరు కొన్న ధరతో మొదలై, ఆ తరువాత ఏటా గరిష్ఠంగా 2 శాతం మాత్రమే పెరుగుతుంది. 2022 నుంచి 2025 వరకు నాలుగుసార్లు 2 శాతం చొప్పున కలిపితే మీ 11.5 లక్షలు సుమారు 12.45 లక్షలవుతాయి. సొంత ఇంట్లో నివసించేవారికి ఇచ్చే 7,000 డాలర్ల మినహాయింపు తీసేస్తే 12.38 లక్షలు మిగులుతుంది. రేటు లక్షకు 48 కనుక (అమెరికా వారు ఈ ఒక్క విషయంలో మన లక్షల లెక్కలోనే మాట్లాడుతారు) మీ వాటా ఏటా సుమారు 594 డాలర్లు, అంటే నెలకు 50 డాలర్ల లోపే. 16 లక్షల మీద వేసుకుని ఉంటే మీకు 768 వచ్చి ఉంటుంది. అదే వీధిలో 1990లలో ఇల్లు కొని ఇంకా అందులోనే ఉంటున్నవారు, అచ్చం మీ ఇంటిలాంటి ఇంటికి, ఇందులో సగం కూడా కట్టకపోవచ్చు. ఇది అన్యాయమని నాతో అనేవారు చాలామందే ఉన్నారు. వారి మాటను నేను కాదనను, కానీ చట్టం అలాగే ఉంది.

ఆ 7,000 మినహాయింపు దానంతట అది రాదు, కౌంటీ అసెసర్ కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకోవాలి. మీ బిల్లులో ఆ గడి ఖాళీగా ఉంటే ఈ వారమే పంపండి. ఏటా 70 డాలర్లకు పైగా మిగులుతుంది. పౌరసత్వంతో దానికి సంబంధం లేదు.

ఇక 48 అనే అంకె అంచనాయే తప్ప హామీ కాదు. డిస్ట్రిక్ట్ వారు అప్పు తీసుకున్నాక ఆ ఏడాది చెల్లించవలసిన అసలు, వడ్డీ ఎంతో చూసి, దానిని డిస్ట్రిక్ట్ పరిధిలోని ఆస్తులన్నిటి మదింపు విలువ మీద పంచి, కౌంటీ ఏటా రేటు నిర్ణయిస్తుంది. పాత ఇళ్లు చేతులు మారి కొత్త ధరలకు మదింపు జరిగేకొద్దీ మీ వాటా తగ్గుతుంది. 2008 తరువాతి మాంద్యంలోలాగా విలువలు పడిపోతే పెరుగుతుంది. చట్టం పెట్టిన పరిమితి ఉన్నది: ప్రాథమిక, ఉన్నత పాఠశాలలు రెండూ నడిపే యూనిఫైడ్ డిస్ట్రిక్టుకు లక్షకు 60 డాలర్లు, ప్రాథమిక లేదా ఉన్నత పాఠశాలలు మాత్రమే నడిపే డిస్ట్రిక్టుకు 30, కమ్యూనిటీ కాలేజీ డిస్ట్రిక్టుకు 25. అయితే ఆ పరిమితి ఒక్కో ఎన్నికలో ఆమోదం పొందిన బాండుకు విడివిడిగా వర్తిస్తుంది కాబట్టి, మీ బిల్లులోని పాత రెండింటి మీద ఇది మూడోదిగా చేరుతుంది. పైగా ఆ పరిమితిని బాండ్లు అమ్మే సమయంలోని అంచనాలతోనే పోల్చి చూస్తారు. ఆ తరువాత అప్పు తీర్చడానికి ఎంత అవసరమైతే అంత పన్ను కౌంటీ వేయక తప్పదు.

ఇంత మెలిక ఎందుకంటే, ప్రొపొజిషన్ 13 మామూలు ఆస్తి పన్నును విలువలో 1 శాతానికి కట్టడి చేసి, దాని పైన కొత్త అప్పులకు దారి మూసింది. 1986లో మూడింట రెండు వంతుల ఓట్లతో బాండ్లు తెచ్చుకునే వీలు తిరిగి కల్పించారు. 2000లో ప్రొపొజిషన్ 39 దానిని, కొన్ని షరతులతో, పాఠశాలలకు 55 శాతానికి తగ్గించింది. తమాషా ఏమిటంటే ఆ ప్రొపొజిషన్‌కే వచ్చినవి సుమారు 53 శాతం ఓట్లు. ఆంధ్రప్రదేశ్‌లో నాడు–నేడు, తెలంగాణలో మన ఊరు–మన బడి పథకాలు ప్రభుత్వ నిర్ణయంతో నడిచాయి కనుక, బడి పైకప్పు కోసం ఇంటింటికీ ఓటు అడగడం మనవారికి వింతగానే ఉంటుంది.

ఆ షరతుల వల్ల మీకొక మేలుంది. బాండు సొమ్మును స్థలాలు, కట్టడాలు, మరమ్మతులు, సామగ్రికి మాత్రమే ఖర్చుపెట్టవచ్చు. ఉపాధ్యాయుల జీతాలకు ఒక్క డాలరు మళ్లించరాదు. పనుల జాబితాను ముందే ప్రకటించాలి, ఏటా ఆడిట్ జరగాలి, కనీసం ఏడుగురు పౌరులతో పర్యవేక్షణ కమిటీ వేయాలి, అందులో తల్లిదండ్రుల ప్రతినిధులు ఉండాలి. కరపత్రం పక్కన పెట్టి, ఓటర్ల సమాచార పుస్తకంలో అచ్చయ్యే ఆ జాబితాలో మీ పాప పాఠశాల పేరు, ఆ పేరు ఎదుట పైకప్పు అనే మాట ఉన్నాయో లేదో చూడండి. జాబితాలో ఉన్నంత మాత్రాన పని తప్పక జరుగుతుందని కాదు. లేకపోతే మాత్రం ఈ సొమ్ముతో జరగదు. స్థానికంగా బాండు పాసైతే, అర్హత గల ఆధునికీకరణ పనులకు రాష్ట్రం కూడా తన వాటా ఇస్తుంది. 2024 నవంబరులో ఆమోదం పొందిన 1,000 కోట్ల డాలర్ల ప్రొపొజిషన్ 2 అందుకోసమే; దానిని తీర్చేది రాష్ట్ర ఖజానా, మీ ఇంటి పన్ను కాదు.

అదే పుస్తకంలో పన్ను రేటు ప్రకటన అనే పేజీ ఒకటి ఉంటుంది. నేనైతే మిగతావన్నీ వదిలి దానినే చదువుతాను. సగటు రేటు, అత్యధిక రేటు, అది ఏ సంవత్సరంలో పడుతుందో, చివరి వసూలు ఏ సంవత్సరమో, అసలూ వడ్డీ కలిపి మొత్తం ఎంత తీర్చాలో అందులో ఉంటాయి. మీ ఎన్నేళ్లన్న ప్రశ్నకు జవాబు ఆ చివరి సంవత్సరమే. బాండ్లను విడతలుగా అమ్ముతారు కనుక ఒక్కో విడత 25, 30 ఏళ్లు సాగినా మొత్తం వసూలు అంతకన్నా ఎక్కువ కాలం నడవవచ్చు. మొత్తం తీర్చవలసినది అసలుకు రెట్టింపుకు దగ్గరగా ఉంటే కంగారుపడనక్కరలేదు, ముప్పై ఏళ్ల గృహరుణమూ అలాగే ఉంటుంది. అంతకు చాలా మించితే ఎందుకని అడగాలి. శాన్ డియేగో దగ్గరి పోవే యూనిఫైడ్ డిస్ట్రిక్ట్ 2011లో సుమారు 10.5 కోట్ల డాలర్లు అప్పు తెచ్చి, ఇరవై ఏళ్ల పాటు ఏమీ కట్టకుండా వడ్డీని పేరుకోనిచ్చే పద్ధతి ఎంచుకోవడంతో, తీర్చవలసినది వంద కోట్ల దరిదాపులకు చేరింది. ఆ గొడవ తరువాతే 2013లో రాష్ట్రం చట్టం చేసి, తీర్చే మొత్తం అసలుకు నాలుగు రెట్లు దాటకూడదని కట్టడి పెట్టింది. నాలుగు రెట్లూ తక్కువేమీ కాదని నా ఉద్దేశం.

ఫెడరల్ పన్ను విషయంలో కొంత ఊరట ఉంది. రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపు 2024 వరకు 10,000 డాలర్ల దగ్గర ఆగిపోయేది కనుక, మీలాంటివారికి అదనపు ఆస్తి పన్ను మీద ఏమీ దక్కేది కాదు. 2025 నుంచి ఆ పరిమితి 40,000కు పెరిగింది. 5 లక్షలకు మించిన ఆదాయానికి అది క్రమంగా తగ్గుతుంది, 2030లో తిరిగి 10,000కు వస్తుంది. మీరు 24 శాతం శ్లాబులో ఉండి, మినహాయింపులను విడివిడిగా చూపించేవారై, పరిమితిలో ఇంకా చోటుంటే, 594లో సుమారు 140 డాలర్లు వెనక్కి వచ్చినట్టే.

ఓటు లేకపోయినా పన్ను తప్పదు. అది మనిషిని కాక ఆస్తిని పట్టుకుని ఉంటుంది కనుక, ఇల్లు అమ్మిన రోజు నుంచి కొన్నవారే కడతారు. వారు 16 లక్షలకు కొంటే ఆ 16 లక్షల మీద కడతారు. బాండు వల్ల ఇంటి ధర పెరుగుతుందన్న మాటను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. అమెరికాలోని పాఠశాల బాండ్లపై బార్బరా బియాసీ, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనంలో, ఏసీ, హీటింగ్ వంటి పనులకు ఖర్చుపెట్టినచోట పిల్లల మార్కులు పెరిగాయి కానీ ఇళ్ల ధరలు పెరగలేదు. ఆటస్థలాలకు ఖర్చుపెట్టినచోట ధరలు పెరిగాయి కానీ మార్కులు పెరగలేదు. మీ దగ్గర కారుతున్నది పైకప్పు.

నవంబరులో బాండు పాసైతే సాధారణంగా మరుసటి ఏడాది అక్టోబరులో వచ్చే బిల్లులో తొలిసారి కనిపిస్తుంది. మీ పన్నును బ్యాంకు వారు నెలసరి వాయిదాతో కలిపి ఎస్క్రోలో (పన్ను కోసం బ్యాంకు విడిగా ఉంచే ఖాతాలో) వసూలు చేస్తుంటే, ఆ ఏడాది తక్కువ వసూలు చేసి, తరువాత లోటునూ కొత్త మొత్తాన్నీ కలిపి ఒక్కసారిగా వాయిదా పెంచుతారు. ఎన్నికల మరుసటి నెల నుంచే నెలకు 50 డాలర్లు విడిగా పొదుపు ఖాతాలో వేస్తూ ఉండండి. ఆ లోటు ఉత్తరం వచ్చేసరికి సొమ్ము సిద్ధంగా ఉంటుంది.